అట్ట వేసిన మానిటరు

నా ఉద్యోగంలో నేను చేసిన తప్పుల్ని ఒక నోటుబుక్కులో రాసి ఉంచుకున్నాను. మొత్తం పదిహేడు. తప్పు జరిగిన తేదీ ఒక గడిలో, సరిదిద్దిన తేదీ పక్క గడిలో. పదహారింటికి రెండు తేదీలూ ఉన్నాయి. పదిహేడో దానికి రెండో గడి ఖాళీ. ఇప్పుడిప్పుడే ఉద్యోగాల్లో చేరి, రేపో మాపో ఎవరినో ఒకరిని ఎంపిక చేసే బల్ల వెనక కూర్చోబోయే మీకు ఆ ఖాళీ గడి సంగతి చెప్పాలని ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. తప్పు నాది కాబట్టి నా పేరు రాయవచ్చు గాని, నా పేరు తెలిస్తే మిగతావాళ్ల పేర్లూ తెలిసిపోతాయి.

రాజమహేంద్రవరంలో ఒక కాలేజీ పరీక్షల విభాగంలో ముప్పై నాలుగేళ్లు పనిచేశాను. రిటైరయ్యాక రెండేళ్లు ఇంట్లో ఉన్నాను. పెళ్లి చేసుకోలేదు. ఒక్క మనిషి వంట, ఒక్క మనిషి బట్టలు ఉదయం తొమ్మిదికల్లా అయిపోయేవి. ఆ తర్వాత ఇంట్లో మాట్లాడేది కుక్కరు ఒక్కటే, అదీ రోజుకు మూడుసార్లు. అందుకని ఒక యువజన సంస్థ వాళ్లు కార్యదర్శిగా ఆఫీసు చూసుకోమని అడిగినప్పుడు, పనేమిటో పూర్తిగా అడగకుండానే ఒప్పుకున్నాను.

పని ఇదీ. నదులు సముద్రంలో కలిసే ప్రాంతాల యువతకు ఏటా ఒక అంతర్జాతీయ సదస్సు జరుగుతుంది. ఉభయ గోదావరి జిల్లాల నుంచి ఇద్దరిని మా సంస్థ ఎంపిక చేసి పంపాలి. సదస్సు మొదలయ్యే రోజుకు ఇరవై ఐదేళ్లు నిండకూడదు. దరఖాస్తుతో పాటు ఫోన్లో తీసిన మూడు నిమిషాల వీడియో పంపాలి. విషయం ఒక్కటే: మీ ఊరి నీళ్లు.

కమిటీలో ముగ్గురు. అధ్యక్షుడు రిటైరైన ప్రిన్సిపాల్. రెండో ఆయన ఇంజనీరు, ధవళేశ్వరంలో ఉంటూ జీవితమంతా కాలువల మీద తిరిగినవారు. మూడో ఆవిడ ఒక డిగ్రీ కాలేజీ అధ్యాపకురాలు, మాలో చిన్నది. మొదటి ఏడాది నేను కూడా మార్కులు వేశాను.

ఆ మొదటి ఏడాది వీడియోలు చూసిన తీరు నాకు నచ్చలేదు. మాట మొదలవకముందే అధ్యక్షులవారు, "మంచి ఇల్లండీ, పిల్ల పద్ధతిగా ఉంది" అనేవారు. ఇంజనీరు గారు, "ఈ కుర్రాడి నాన్న మా డిపార్టుమెంటే" అనేవారు. కాని చివరి రోజు కూడికలు సరిచూస్తుంటే ఒక కుర్రాడికి నేను వేసిన మార్కు మిగతా ముగ్గురి కంటే బాగా ఎక్కువగా కనిపించింది. ఎందుకా అని వీడియో మళ్లీ చూశాను. కుర్రాడు చెప్పింది మామూలే. వెనక గోడకు మాత్రం మా చర్చి క్యాలెండరు వేలాడుతోంది. అదే క్యాలెండరు మా ఇంటి వంటగదిలోనూ ఉంది. ఆ తప్పు నోటుబుక్కులో పదహారోది. మార్కులు తగ్గించి, సంతకం పెట్టి, సరిదిద్దిన తేదీ కూడా వేశాను.

రెండో ఏడాది పరీక్షల విభాగం పద్ధతి పెట్టాను. జవాబు పత్రాలు దిద్దేవాళ్లకు వెళ్లకముందు పేరున్న పైభాగం కత్తిరించి, కింది భాగానికి నంబరు వేస్తాం గదా. దరఖాస్తులకూ అదే చేశాను. పైభాగాలను, పేరు కనిపించే ఏ కాగితాన్నైనా ఒక్కో నంబరుకు ఒక్కో కవర్లో పెట్టి, సీలు వేసి, బీరువాలో పెట్టి తాళం వేశాను. చదవలేదు. చదివితే నాకు తెలిసిపోతుందని చదవలేదు. ఇక వీడియోల్లో మొహాలుంటాయి. వాటి కోసం పిల్లల పుస్తకాలకు అట్టలు వేసే బ్రౌన్ కాగితం కొని మానిటరు మీద అతికించాను. సెకన్లు కనిపించే సన్నటి పట్టీ ఒక్కటి కింద వదిలాను. నేను మార్కులు వేయనని, మార్కులు వేయనివారికి కమిటీలో ఓటు లేదని మినిట్స్‌లో రాసి అందరి సంతకాలు తీసుకున్నాను.

ఇంజనీరు గారు లోపలికి వస్తూనే ఆగిపోయారు.

"ఏంటండీ మేడమ్, మానిటరుకి ముసుగేశారు? పెళ్లికూతురా?"

"అట్టండి. మొహాలు కనపడకుండా."

"ఐతే లేబుల్ కూడా అంటించండి. పేరు, తరగతి, సెక్షను."

అధ్యాపకురాలు నవ్వింది. "సార్, వాళ్ల నాన్నగారి డిపార్టుమెంటు కూడా రాద్దామా?"

అధ్యక్షులవారు నవ్వలేదు గాని, ఒప్పుకున్నారు.

అరవై మూడు వీడియోలు, మూడు రోజులు. ఆ మూడు రోజులూ నాకు బాగున్నాయని దాచకుండా చెప్పాలి. మొహాల్లేని గొంతులు ఒకదాని తర్వాత ఒకటి ఆ గదిలోకి వచ్చేవి. బోరు వేస్తే ఉప్పునీరు పడిందని ఒక గొంతు. రొయ్యల చెరువుల మధ్య తాగే నీళ్ల డబ్బా మోసుకొచ్చే దారి గురించి ఒకటి. గోదావరి మధ్య లంకలో ఉండి రోజూ పడవ మీద కాలేజీకి వెళ్లే కుర్రాడి గొంతు ఒకటి. వరదొచ్చిన వారం ఏం వండుకున్నారో చెప్పాడు, మధ్యలో తనే నవ్వాడు. సాయంత్రం ఇంటికి వెళ్లి అన్నం పెట్టుకుంటుంటే ఆ గొంతులు నాతో ఉండేవి. ఏ నంబరు ఏ మాట అందో గుర్తుచేసుకుంటూ తినేదాన్ని. నాతో అంతమంది మాట్లాడి చాలా కాలమైంది.

రెండో రోజు మధ్యాహ్నం ముప్పై ఎనిమిదో నంబరు పెట్టాను. మాట లేదు. నీళ్ల చప్పుడు. పది సెకన్లు, ఇరవై సెకన్లు, అదే హోరు. అంతకు ముందు తొమ్మిదో నంబరులోనూ మాట రాలేదు గాని, అందులో అసలు ఏ చప్పుడూ లేదు. మైకు పాడైన వీడియో అని రాసుకున్నాం. ఇది అలా లేదు.

"ఫోన్ ఆన్ చేసి మర్చిపోయినట్టున్నారు" అన్నారు అధ్యక్షులవారు.

ఇంజనీరు గారు కళ్లు మూసుకుని వింటున్నారు. "ఇవి లాకులండి. కాలువలో నీళ్లను ఆపి వదిలే తలుపులు. ఉండండి... ఇప్పుడొక తలుపు ఎత్తారు. ఇదిగో, రెండోది." ఆయన మొహం వెలిగింది. "బాగా తీశారండి."

"బాగానే ఉంది, మార్కులు దేనికి వేయమంటారు? తలుపులకా?" అన్నారు అధ్యక్షులవారు.

రెండు నిమిషాల యాభై ఆరు సెకన్లు, చివరిదాకా వినిపించాను. నియమం కాబట్టి వినిపించాను. అప్పుడు అధ్యాపకురాలు నా వైపు వంగి మెల్లగా అడిగింది.

"మేడమ్, చివరిదాకా ఒకే చోట ఉండి తీశారంటే ఏదో ఉద్దేశం ఉండి ఉంటుంది. ఒకసారి కవరు తెరిచి చూద్దామా?"

"కవరు తెరిస్తే నంబరు వేసి లాభం లేదమ్మా. ఒకరికి తెరిచి మిగతా అరవై రెండు మందికి ఏం చెబుతాం?"

"పోనీ, ఆ కాగితం ఒక్కసారి పైకెత్తి..."

"వద్దు" అన్నాను. ఆ ఒక్క మాటే అన్నానని గుర్తు. ఆమె మళ్లీ అడగలేదు. రిజిస్టరులో ముప్పై ఎనిమిది ఎదురుగా నా చేత్తోనే రాశాను: మాట లేదు, నీటి చప్పుడు మాత్రమే.

శనివారం సాయంత్రానికి మార్కులు కూడాను. ఒక్కొక్కరివి యాభై చొప్పున నూట యాభైకి మొదటి వ్యక్తికి నూట ఇరవై ఏడు, రెండో వ్యక్తికి నూట ఇరవై ఒకటి. రెండోది ఆ లంక కుర్రాడు. సోమవారం వాళ్లిద్దరి కవర్లు మాత్రం తెరిచి, పేర్లు సదస్సు వాళ్లకు పంపాం. బుధవారం మిగతా అందరికీ, వాళ్ల వీడియోలు వచ్చిన ఫోన్ నంబర్లకే, సందేశాలు వెళ్లాయి. తొమ్మిదికీ ముప్పై ఎనిమిదికీ ఒకే సందేశం: మీ వీడియోలో మాట వినిపించనందున పరిశీలించలేకపోయాము.

శుక్రవారం పది గంటలకు ఒక ఆవిడ మేడ ఎక్కి వచ్చింది. నలభై ఐదు, యాభై మధ్య ఉంటుంది. చీర కుచ్చిళ్ల మీద అరటి జిగురు మరకలు. రావులపాలెం అరటి మార్కెట్లో గెలలు ఏరి కట్టే పని చేస్తానని, పని మానుకుని వచ్చానని చెప్పింది. కూర్చోమంటే కూర్చోలేదు. ఫోన్ తీసి నా సందేశం నాకే చూపించింది.

"ఇది మీరు పంపిందేనాండి?"

"నేనేనమ్మా."

"మాట వినపడలేదని రాశారంట. పక్కింటి పిల్ల చదివి చెప్పింది. మా పిల్లకి పుట్టుకతోనే చెవులు వినపడవండి, మాట రాదండి. కాయితం మీద రాసింది గదండి. నేను చూత్తానే ఉన్నాను, నా ముందే రాసింది."

"చేతులతో మాట్లాడుతుందా?" అన్నాను.

"ఆయ్. వీడియో నిండా మాట్లాడిందండి. మూడు రోజులు తీశాం, వెలుగు సరిపోలేదని ఒకసారి, నా చెయ్యి వణికిందని ఒకసారి." ఆవిడ గదంతా చూసి బల్ల మీదున్న మానిటరు దగ్గర ఆగింది. "అదేంటండి, దానికి కాయితం అంటించారు?"

నేను చెప్పాను. ఎందుకు అంటించానో, ఎంత న్యాయంగా చేశామో మొత్తం చెప్పాను. ఆవిడ శ్రద్ధగానే వింది.

"దాని మాట వినపడదండి. కనపడుద్దండి" అంది. కోపంగా అనలేదు. దారి తెలియనివాళ్లకు దారి చెప్పినట్టు చెప్పింది.

బీరువా తాళం తీసి కవరు చింపాను. ముప్పై ఎనిమిదో నంబరు పైభాగంలో చివరి గడి: 'మీ గురించి మేము ముందుగా తెలుసుకోవలసింది ఏమైనా ఉందా?' దాని కింద గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: 'నాకు వినపడదు. సైగలతో మాట్లాడతాను. నేను చెప్పినది తెలుగులో రాసి జత చేశాను.' జత చేసిన రెండు పేజీల మీద పైన పేరుంది. పేరుంది కాబట్టే వాటినీ నేను బీరువాలో పెట్టాను.

తర్వాత మానిటరు మీద కాగితం చింపాను. మూడు వైపులా గట్టిగానే అతికించాను. గోరుతో రాలేదు, స్కేలుతో తీయాల్సి వచ్చింది. ముప్పై ఎనిమిదో వీడియో పెట్టాను. లాకుల వంతెన మీద సన్నటి అమ్మాయి ఒకతె నిలబడి ఉంది. ఎడమ చెయ్యి ఇనుప కమ్మీ మీద పెట్టి ఉంచి, అవసరమైనప్పుడల్లా తీసి రెండు చేతులతో మాట్లాడుతోంది. మళ్లీ కమ్మీ మీద పెడుతోంది. నేను తలుపులు ఎత్తిన శబ్దం విన్న చోట, శబ్దానికి కాస్త ముందే, ఆ అమ్మాయి వేలు పైకెత్తింది. మొదటి తలుపుకు ఒకటి, రెండోదానికి రెండు. వాళ్లమ్మ నా కుర్చీ వెనక నిలబడి, ఎన్నోసార్లు చూసిందే అయినా, మళ్లీ చూస్తోంది.

శనివారం కమిటీని పిలిచి జరిగింది చెప్పాను.

"సరేనండి, పొరపాటు" అన్నారు అధ్యక్షులవారు. "దాన్ని మినిట్స్‌లో ఎక్కించకండి. వచ్చే ఏడాది ఆ అమ్మాయికే మొదటి అవకాశం ఇద్దాం."

"వచ్చే ఏడాది సదస్సు మొదలయ్యేనాటికి ఆ అమ్మాయికి ఇరవై ఐదు నిండి పంతొమ్మిది రోజులవుతుందండి. లెక్క వేశాను. ఈ ఏడాదే ఆఖరు."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "అందరి మొహాలూ మూసి ఈమెది ఒక్కటే తెరిచి చూస్తే, అదేం న్యాయం? మీరే చెప్పండి."

ఆ మాటకు జవాబు నా దగ్గరుంది. కాగితం మళ్లీ అతికించాను. నీళ్ల చప్పుడు పెట్టి, ఆ రెండు పేజీలను అధ్యాపకురాలి చేత చదివించాను. తలుపులు ఎత్తితే అందరికీ హోరు వినపడుతుందట, తనకు కమ్మీ మీద చెయ్యి పెడితే ముందు వేళ్లలో, తర్వాత మోచేతి దాకా తెలుస్తుందట. జూన్‌లో కాలువకు నీళ్లు వదిలిన రోజు ఒక రకం, కాలువ కట్టేసే ముందు ఒక రకం. నాలుగేళ్లుగా రోజూ పొద్దున్నే చెయ్యి పెట్టి చూసి నోటుబుక్కులో రాసుకుంటోందట. చివరి ఊళ్లకు నీళ్లు అందడం లేదని రైతులు గొడవపడ్డ ఏడాది ఆ కమ్మీ ఎన్ని రోజులు కదలకుండా ఉందో తన దగ్గర లెక్క ఉందట. 'ఆ లెక్క ఎవరూ అడగలేదు, మీరు అడిగారు కాబట్టి చెబుతున్నాను' అని ముగిసింది.

రోజూ లెక్క రాసుకునే మనిషి ఈ జిల్లాల్లో నేను ఒక్కదాన్నే అనుకునేదాన్ని.

ఎవరి కాగితం మీద వాళ్లు మార్కులు వేశారు. కూడాను. మళ్లీ కూడాను. నూట ఇరవై నాలుగు.

ముగ్గురిని పంపనివ్వమని సదస్సు వాళ్లకు రాశాను. నాలుగు రోజులకు జవాబు వచ్చింది. మూడో చోటు లేదు, కావాలంటే ఇద్దరిలో ఒకరి పేరు శుక్రవారంలోగా మార్చవచ్చు. గురువారం కమిటీ మళ్లీ కూర్చుంది.

అధ్యాపకురాలు పేరు మార్చాలంది. అధ్యక్షులవారు వద్దన్నారు. ఇద్దరూ ఇంజనీరు గారి వైపు చూశారు.

"ఆ లంక కుర్రాడు నిన్న మా ఇంటికొచ్చాడండి, వాళ్ల నాన్నతో. పడవ దిగి, రెండు బస్సులు మారి. పాస్‌పోర్టుకి పెట్టానని చూపించాడు. వాడేం తప్పు చేశాడండి?"

"ఆ అమ్మాయేం తప్పు చేసింది సార్?" అంది అధ్యాపకురాలు.

"ఎవరూ చేయలేదమ్మా. అందుకే అడుగుతున్నా." ఆయన నా వైపు చూశారు. "మేడమ్, మీరేమంటారు?"

"నాకు ఓటు లేదండి" అన్నాను.

అది నేనే రాసిన నియమం. ఇద్దరు వద్దన్నారు, ఒకరు కావాలన్నారు. అంకెలతో సహా మినిట్స్‌లో రాశాను. తప్పు కార్యదర్శిదని, అధ్యాపకురాలు హెచ్చరించినా కార్యదర్శి వినలేదని రాశాను. అధ్యక్షులవారు రెండుసార్లు చదివి సంతకం పెట్టారు. ఆ రోజు నుంచి కమిటీవాళ్లు నాతో మర్యాదగా మాట్లాడారు. ఒక్క జోకు కూడా వేయలేదు.

ఈ సంగతి మళ్లీ ఫోన్ సందేశంగా పంపకూడదనుకున్నాను. శనివారం బస్సెక్కి రావులపాలెంలో దిగి, గెలల లారీల మధ్య నుంచి నడిచి, ఆటోలో వాళ్ల ఊరు వెళ్లాను. వాళ్లమ్మ మార్కెట్లో ఉంది. అమ్మాయి కుట్టు మిషను ముందు కూర్చుని జాకెట్టుకు హుక్కులు కుడుతోంది. నన్ను నేను ఎలా పరిచయం చేసుకోవాలో తెలియక, రిజిస్టరులో ఆమె నంబరు కాగితం మీద రాసి చూపించాను. 38. అర్థం చేసుకుంది. స్టూలు జరిపి, ఒక నోటుబుక్కు తెచ్చి మధ్యలో పెట్టింది. పావుగంట సేపు మా ఇద్దరి పెన్నుల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ చప్పుడు కూడా నాకొక్కదానికే.

జరిగింది వరుసగా రాశాను. ఆమె ప్రతి వాక్యం కింద వేలు పెట్టి చదివింది.

'నా వీడియో చూశారా?' అని రాసింది.

'చూశాను. ఆరుసార్లు.'

'ముందు విన్నారు, తర్వాత చూశారు' అని రాసి, నా మొహం చూసి, నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఆమె నా మోచేతిని పెన్నుతో తట్టింది, నవ్వమన్నట్టు.

తర్వాత రాసింది: 'నాకెన్ని మార్కులు?'

బస్సులో వచ్చేటప్పుడు ఈ ప్రశ్నే అడగకూడదని ప్రార్థన చేసుకుంటూ వచ్చాను. చెబితే ఆ చోటు తనదేనని తెలిసిపోతుంది. చెప్పకపోతే ఎవరికన్నా తక్కువ వచ్చాయేమోనని అనుమానం మిగిలిపోతుంది. ముప్పై నాలుగేళ్లలో నేను ఎవరి మార్కులూ దాచలేదు. 124 అని రాశాను.

'వెళ్తున్నవాళ్లకి?'

127 అని రాశాను. దాని కింద 121.

ఆమె ఆ అంకెల్ని కాసేపు చూసింది. 124ను పైన, 121ను దాని కింద రాసి, గీత గీసింది. తీసివేత చేసింది. 3 అని వేసి, దాని కింద స్కూల్లో నేర్పినట్టు రెండు గీతలు గీసింది. ఆమె కళ్లు తుడుచుకోలేదు గాని, హుక్కులున్న డబ్బా మూత చాలాసేపు తిప్పుతూ కూర్చుంది. వీధిలో ఎవరో గేదెల్ని తోలుకుపోతున్నారు.

చివరికి అంకెలున్న పేజీ మట్టుకు చింపి నా ముందు పెట్టింది. కింద మూలకు వేలితో చూపించింది. సంతకం.

కమిటీ మార్కులు బయటి కాగితం మీద సంతకంతో ఇవ్వకూడదన్నది కూడా నేను రాసిన నియమమే. సంతకం పెట్టాను. హోదా రాశాను. నేను అలా సంతకం పెట్టి ఇచ్చిన ఆఖరి మార్కుల కాగితం అదే. ఆ మార్చి ముప్పై ఒకటితో సంస్థలో పని మానేశాను. బ్రౌన్ కాగితం ఇప్పటికీ అతికిస్తున్నారట, కాకపోతే మార్కులు వేయని ఒక మనిషి ముందుగా కవర్లన్నీ తెరిచి చదువుతారట. ఈ మాట ఎవరూ నాకు ఫోన్ చేసి చెప్పలేదు. ప్రకటనలో చూశాను.

కాగితం ఇచ్చి లేవబోయాను. ఆమె నా చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. కాగితాన్ని నా వైపు తిప్పి, సంతకం కింద ఖాళీ జాగాను వేలితో రెండుసార్లు కొట్టింది. నాకు అర్థం కాలేదు. తన నోటుబుక్కు తెరిచి చూపించింది. నాలుగేళ్ల పొద్దులు, ఒక్కొక్క వరుసకు ముందు గుండ్రటి అంకెలతో రోజు, నెల, సంవత్సరం.

తేదీ వేయడం మర్చిపోయాను. వేశాను.